ఊపిరియే నైవేద్యమైన చోట

లక్సర్ పట్టణమునుండి నైలునదిని దాటి పడమటి గట్టున దిగిన యాత్రికునికి మొదట కనబడునది మరణము కాదు, వ్యవసాయము. చెరకుతోటలను, ఖర్జూరపు చెట్లను, గాడిదలపై పచ్చిగడ్డి మోపులు వేసికొని పోవు రైతులను, కాలువలపైని చిన్న వంతెనలను గడచి, పొలముల నడుమ మూడు వేల యేండ్లకు మించి కూర్చుండియున్న మెమ్నాన్ మహామూర్తుల రెంటిని దాటి, మరికొంత దూరము పోవునప్పటికి ఆ పచ్చదనమంతయు గీత గీచినట్లు ఒక్కచోట ఆగిపోవును. గీత కీవల నల్లని ఒండ్రుమన్ను, ఆవల గడ్డిపరకయైన మొలవని గోధుమవన్నె కొండ. ఆ కొండయే నేటి లక్సరు చోటనుండిన థీబ్సు మహానగరపు శ్మశానభూమి. సూర్యుడస్తమించు దిక్కు మృతులదని నమ్మిన ప్రాచీన ఈజిప్టువారు బ్రతుకును తూర్పుగట్టునను, చావును పడమటిగట్టునను నిలుపుకొనిరి. అయినను పండెడు నేలలో జానెడైనను సమాధులకు వెచ్చింపక, ఏమియు పండని రాతినే అందులకు విడిచిపెట్టిరి. పంటనేల విలువ యెరిగిన జాతి యని దీనినిబట్టియే చెప్పవచ్చును.

ఈజిప్టు సమాధులనగానే మనవారికి పిరమిడ్లును, రాజుల లోయయు, టుటన్‌ఖామన్ బంగారు ముసుగును తలపునకు వచ్చును. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలకు పోయినవారికి అందలి మమ్మీ జ్ఞప్తికి రావచ్చును. నన్ను ఈ గట్టునకు రప్పించినవి మాత్రము రాజుల సమాధులు కావు. షేక్ అబ్ద్ అల్ ఖుర్నా యను కొండవాలున లేఖకులు, ధాన్యాధికారులు, పురోహితులు, మంత్రులు తమకై తొలిపించుకొన్న సమాధులు. ఈ రెండు తెగల సమాధులకును మూలమునందే భేదము కలదు. రాజు సమాధి మూసి మరుగుపరచుటకై నిర్మించినది. అందలి చిత్రములు చూచువాడు దేవతయే కాని మనుష్యుడు కాడు. ఉద్యోగి సమాధియో, కళేబరమునుంచిన గది కొండ గర్భమున, నిట్టనిలువున దిగు గోతి యడుగున మూయబడియుండగా, పైనున్న చిత్రశాల బ్రతికియున్నవారు వచ్చి చూచుటకై తెరచియుంచినది. ఏటేట జరుగు లోయ పండుగనాడు అమున్ దేవుని విగ్రహము కర్నాక్ ఆలయమునుండి పడవపై ఈ గట్టునకు వేంచేయగా, బంధువులు పూలును, భోజ్యములును గొని తమ పెద్దల సమాధులకు వచ్చి, రాత్రియంతయు అచటనే విందులతో గడపెడివారు.

బంధువులే గాక దారిన పోవు పరాయివారును లోపలికి రావలెనని సమాధి యజమాని కోరిక. ఆనాటి సమాధుల గోడలపై, శిలాఫలకములపై, బ్రతికియున్నవారిని సంబోధించు వాక్యములు పెక్కు కలవు. వాని సారాంశమిది: ఓ చదువరీ, నా పేరు పలుకుము, నాకు రొట్టెయు పానీయమును సమర్పింపబడునుగాక యని అనుము; నీవు చేతినుండి ఇయ్యవలసినది ఏమియు లేదు, నోటి యూపిరి యొక్కటి చాలును; దానివలన నీకు శ్రమ లేదు, నాకు మేలు కలదు. మృతునికి మర్త్యుని నిశ్వాసమే నైవేద్యమన్నమాట! ఈ భావము మనస్సునందుంచుకొని ఈ సమాధులలో అడుగుపెట్టవలెను. ఏలయన వీని యిప్పటి కష్టమంతయు ఆ యూపిరితోనే ముడిపడియున్నది.

ఈ గట్టుననున్న ప్రైవేటు సమాధులకు గార్డినర్, వైగల్ అను పండితులిద్దరు 1913లో ఒక పట్టిక ప్రకటించిరి. దానిని పొడిగించుకొనుచు రాగా నేటికి సంఖ్యలు పొందిన సమాధులు నాలుగు వందలకు మించినవి. అందులో 69వ సంఖ్యగలది మెన్న యనువానిది. క్రీ.పూ. 1400 ప్రాంతమున, నాల్గవ థుత్‌మోసు, మూడవ అమెన్‌హోటెపు అను ఫారోల కాలమున, రాజుగారి భూముల లేఖకుడుగను, అమున్ దేవాలయపు భూముల పర్యవేక్షకుడుగను ఉండినవాడు మెన్న. మన గ్రామములలో గొలుసు పట్టించి పొలము కొలిపించి, పంట అంచనా కట్టి, శిస్తు లెక్క వ్రాయు కరణమును ఊహించుకొని, ఆయన అధికారమును ఒక మహాసామ్రాజ్యపు దేవమాన్యములంతవరకు పెంచి చూచినచో మెన్న ఉద్యోగము మనకు బోధపడును. భార్య హెనుత్తవి, దేవాలయమున అమున్ సన్నిధిని గానము చేయు పదవి ఆమెది. రాజ్యములను జయించినవాడు కాడు, శాస్త్రము వ్రాసినవాడు కాడు, లెక్కలు వ్రాసినవాడు. అట్టివాని పేరు మూడు వేల నాలుగు వందల యేండ్లు గడచిన తరువాత నేను పలుకుచుంటినన్నచో, అది గోడలకు పూసిన మట్టియు రంగును చేసిన మహిమ.

కొండవాలున ఎండ మిక్కుటముగా నుండెను. పొడవైన గలబియా తొడిగి తలకు గుడ్డ చుట్టుకొన్న గఫీరు, అనగా కావలివాడు, ఇనుపతలుపు తాళము తీసి మమ్ము లోపలికి పోనిచ్చెను. విద్యుద్దీపములు లేని దినములలో ఈ కావలివాండ్రు వాకిట నిలిచి అద్దముతో సూర్యరశ్మిని పట్టి, లోపలనున్న మరియొక తెల్లని పలకపైకి మరల్చి, చిత్రములను చూపుచుండెడివారు. ఇప్పుడు దీపములున్నవి, గోడను తాకకుండ అడ్డుకట్టలున్నవి. సమాధి ఆకారము ఇంగ్లీషు ‘టీ’ అక్షరమును తిరగవేసినట్లుండును: ముందు అడ్డముగా నొక మందిరము, దాని నడుమనుండి కొండలోనికి పోవు పొడవైన మందిరము, దాని చివర దంపతుల విగ్రహమునకై తొలిచిన గూడు.

లోపలికి పోగానే ఎడమ ప్రక్క గోడపై మెన్న తన ఉద్యోగమంతయు వ్రాయించుకొనియున్నాడు. ఒకచోట కోతకు వచ్చిన పైరు మీదుగా మనుష్యులు కొలత త్రాడు చాపుచున్నారు. పంట కోయకమునుపే కొలిచినచో ఏలినవారి భాగము ముందుగానే నిర్ణయమగును గదా! మరియొకచోట కోసిన వెన్నులను వలబుట్టలో నింపి, కావడికఱ్ఱకు వ్రేలగట్టి ఇద్దరు మోయుచున్నారు. కళ్లములో ఎడ్లు కుప్పలు త్రొక్కుచున్నవి. తలలకు తెల్లని గుడ్డలు కట్టుకొన్నవారు కొయ్యచేటలతో గింజను పైకెగురవేసి తూర్పారబట్టుచున్నారు. లేఖకులు వరుసగా నిలిచి, ధాన్యము కొలిచిన కొలది వ్రాసికొనుచున్నారు. శిస్తు చెల్లింపలేని రైతు కాబోలు, ఒకడు నేలపై పడియుండగా వానిపై బెత్తమెత్తినవాడొకడు, వలదని బ్రతిమాలువాడొకడు కానవచ్చుచున్నారు. ఈ దృశ్యమును దాచుకొనవలెనని మెన్నకు తోచలేదు. అది ఆయన దృష్టిలో పాపము కాదు, పాలన.

అయినను చిత్రకారుని మనస్సు పాలనయందు లేదు. పొలము గట్లపైని చిల్లర సంగతులయందున్నది. ఆ వరుసల నడుమ, జానెడు ఎత్తైనను లేని బొమ్మలలో, పరిగె యేరుకొన వచ్చిన పిల్లలిద్దరు ఒకరి జుట్టొకరు పట్టుకొని పెనుగులాడుచున్నారు. తగవునకు మూలమైన సంచి వారి నడుమనే పడియున్నది. వారికి కొంచెము దూరమున ఒక పిల్ల మరియొక పిల్ల పాదమును తన యొడిలో పెట్టుకొని ముల్లు తీయుచున్నది. ముల్లు గ్రుచ్చుకొన్న పిల్ల కాలు చాచిన తీరులో నొప్పియు, తీయుచున్న పిల్ల వంగిన మెడలో శ్రద్ధయు ఒక్కొక్క గీతలో పట్టుబడినవి. చెట్టు నీడను ఒడిలో బిడ్డతో కూర్చున్న తల్లి యొకతె. కునుకు తీయుచున్న కూలివాడొకడు. వానికి దగ్గరనే పిల్లనగ్రోవి ఊదువాడొకడు. మృతునికి పరలోకమున అన్నము లోటు లేకుండ జేయుటకై పంటను చిత్రించుట విధి. ముల్లు తీయు పిల్లను చిత్రించుట ఏ విధియు కాదు. పేరు తెలియని ఆ కళాకారుడు తన కన్నులారా చూచిన లోకముపైని ప్రేమచేతనే ఆ పిల్లలను అచట నిలిపెను.

ఆ పనితనము రహస్యము గోడయందే కలదు. ఈ వాలున కొండరాయి నాసిరకపు సున్నపురాయి. పెళుసైనది, పొరలు పొరలుగా విడునది. అడుగున మేలైన రాయి దొరకిన రమోసు అను మంత్రి సమాధిలో శిల్పులు సన్నని ఉబ్బు శిల్పములు చెక్కగలిగిరి. ఇచట అది సాధ్యము కాదు. కావున గోడకు నైలునది ఒండ్రుమట్టిలో గడ్డిపరకలు కలిపి మెత్తి, దానిపై జిప్సపు సన్నపూత పూసి, జేగురులో ముంచిన దారమును బిగబట్టి చఱచి చదరపు గీతలు వేసికొని, ఆ గీతల కొలతలో బొమ్మలు గీచి, పూత ఆరిన పిమ్మట జిగురు కలిపిన రంగులు వేసిరి. ఎఱ్ఱజేగురు, పచ్చజేగురు, హరిదళము, మసి, సున్నపుతెలుపు — ఇవి ప్రకృతి యిచ్చినవి. నీలము మాత్రము మనుష్యుడు చేసికొన్నది. ఇసుకను, సున్నమును, రాగిని, క్షారముతో కలిపి కొలిమిలో కాల్చి, ఆ గట్టిపడిన ముద్దను నూరి తీసిన నీలమది. రంగు తడి గోడలోనికి ఇంకినది కాక ఆరిన గోడపై అంటుకొన్నది మాత్రమే కావున, నీటిచెమ్మ తగిలిన చాలును, ఊడిపోవుటకు సిద్ధముగా నుండును.

పొడవైన మందిరపు కుడిగోడపై మెన్న సకుటుంబముగా జమ్ముదుబ్బుల నడుమ నావపై నిలిచి, ఒక ప్రక్క విసురుకఱ్ఱతో పక్షులను, మరియొక ప్రక్క ఈటెతో చేపలను వేటాడుచున్నాడు. దుబ్బులపై గూళ్లకొరకు పిల్లియు ముంగిసయు ప్రాకుచున్నవి. నావ అంచున చిన్నపిల్ల యొకతె వంగి తామరమొగ్గను నీటినుండి త్రుంచుచున్నది. ఇంత సౌందర్యము నడుమ మెన్న ముఖమున కన్ను లేదు. కాలము చేసిన పని కాదది. కంటి మేర మాత్రమే పూతను గీకివేసిన మనుష్యహస్తము చేసిన పని. గోడపైని బొమ్మ కన్నే మృతుని కన్ను. దానిని పెరికినచో వాడు తనకు పెట్టిన నైవేద్యమును చూడలేడు, గుఱి చూచి వేటాడలేడు. అది తెలిసిన పగవాడెవడో సమాధియంతట తిరిగి ఈ పని చేసినాడు. ఆపై అఖెనటెన్ ఫారో అమున్ దేవుని ఆరాధనను నిషేధించిన కాలమున రాజభటులు వచ్చి, శాసనములలో ఆ దేవుని పేరు కనబడిన చోటనెల్ల గీకివైచిరి. ఒకటి వ్యక్తి ద్వేషము, రెండవది మతద్వేషము. గోడపై రెండును దాదాపు ఒక్కరీతిగానే కనబడును.

ద్వేషముకంటె ఎక్కువగా చెఱచినవి నిర్లక్ష్యమును, లోభమును. శతాబ్దములపాటు ఈ గుహలలో జనులు కాపురముండి పొయ్యిలు వెలిగించిరి. గబ్బిలములు నెలకొనినవి. కొండరాతిలోని ఉప్పు చెమ్మతో వెలికి వచ్చి, గోడకు చవుడు పట్టి, స్ఫటికములై గట్టిపడి, రంగును లోపలినుండి పెకలించినది. పందొమ్మిదవ శతాబ్దమున యూరపు ప్రదర్శనశాలలకు పురావస్తువులు అమ్ముట లాభసాటి వ్యాపారమైనది. ఈ గట్టుననే నెబమున్ అను ధాన్యలేఖకుని సమాధి యొకటి ఉండెడిది. బ్రిటిష్ కాన్సలు హెన్రీ సాల్టు పక్షమున త్రవ్వకములు చేయించుచుండిన దథనాసి యనువాడు 1820 ప్రాంతమున దాని గోడలనుండి చిత్రములను కోసి తీసికొనిపోయెను. ఆ పదునొకండు ఖండములు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో లోకమంతయు మెచ్చునట్లు వెలుగుచున్నవి. అవి కోసిన సమాధి యెక్కడనున్నదో మాత్రము తిరిగి ఎవరికిని కానరాలేదు. చిత్రము మిగిలినది, చోటు నశించినది.

తరలించిన వస్తువెల్ల భద్రమనుకొనుటయు పొరపాటే. మెన్నకు పొరుగువాడైన నఖ్తు అను లేఖకుని సమాధిలో, ఫలకము పట్టి మోకరిల్లిన ఆయన చిన్న విగ్రహము దొరకినది. దానిని అమెరికాకు పంపగా, 1915 ఆగస్టులో, ప్రథమ ప్రపంచయుద్ధమున, ఆ విగ్రహమును మోసికొనిపోవుచున్న ‘అరబిక్’ ఓడను జర్మను జలాంతర్గామి ముంచివేసినది. మూడు సహస్రాబ్దులు కొండలో నిలిచినది నేడు సముద్రమున నున్నది.

కొండపై ఖుర్నా గ్రామస్థుల కథ వేరు. వారు తరతరములుగా ఈ సమాధుల వాకిళ్లపైననే ఇండ్లు కట్టుకొని, ఒకవైపు సమాధులను త్రవ్వి అమ్ముకొనుచు, మరియొకవైపు పండితులకు కూలివాండ్రుగను కావలివాండ్రుగను ఊడిగము చేయుచు బ్రతికిరి. వారిని దింపుటకై 1940లలో ప్రభుత్వము హసన్ ఫతీ అను వాస్తుశిల్పిచేత పచ్చియిటుకలతో అందమైన క్రొత్త గ్రామము కట్టించినది. జనులు మాత్రము కదలలేదు. కడకు 2006 నుండి ఇండ్లను పడగొట్టి వారిని దూరపు కాలనీలకు తరలించిరి. ఇండ్ల వాడుకనీరు రాతిలోనికి ఇంకి క్రింది చిత్రములను చెఱచుచుండెననుట సత్యము. రంగులు పూసిన ఆ ఇండ్ల వరుస పోయిన తరువాత కొండ బోసిపోయినదనుటయు సత్యమే. మృతుల ఇండ్లు నిలుపుటకు జీవుల ఇండ్లు కూల్చవలసివచ్చిన ఈ చోట న్యాయము ఒక్క పక్షముననే కలదని చెప్పుటకు నాకు నోరాడలేదు.

ఇట్టి చోట సమాధులను కాపాడినవారి చరిత్రయు కొంత చెప్పవలెను. ఇరువదవ శతాబ్దారంభమున రాబర్ట్ మాండ్ అను రసాయనశాస్త్రవేత్త ఇచట సమాధులను శుభ్రపరచుటకు, బాగుచేయుటకు పూనుకొనెను. మెన్న సమాధి ఆయన చేతుల మీదుగానే బాగుపడినది. అటుపిమ్మట నార్మన్ డేవీసు, ఆయన భార్య నీనా డేవీసు దశాబ్దములు ఈ గట్టుననే కాపురముండి, గోడలపైనున్న చిత్రములను గుడ్డుసొన కలిపిన రంగులతో, పగుళ్లనైన విడువక, ఉన్నదున్నట్లు ప్రతులు వ్రాసిరి. నేడు గోడపైనుండి మాసిపోయిన రంగులు కొన్ని ఆమె ప్రతులలోనే మిగిలియున్నవి.

2007 నుండి 2009 వరకు మెలిండా హార్ట్‌విగ్ అను పండితురాలి నాయకత్వమున, ఈజిప్టులోని అమెరికన్ పరిశోధనా కేంద్రముతో కలిసి, మెన్న సమాధికి పరిరక్షణ జరిగినది. ధూళిని మృదువుగా తొలగించుటయు, ఊడనున్న పూతను గోడకు నిలువజేయుటయు ఒక యెత్తు. గోడను తాకకుండ దానిని చదువుట మరియొక యెత్తు. పూర్వులు కాగితమును గోడకొత్తి గీతలు దించెడివారు. వీరు ఛాయాచిత్రములు తీసి, వానిని కూర్చి, యంత్రముపై గీతలు దించిరి. రంగులను గోకి చూచుటకు మారుగా, ఎక్స్‌రే కిరణములు ప్రసరింపజేసి తిరిగి వచ్చు కాంతినిబట్టి ఏ లోహమున్నదో, ఏ ఖనిజమున్నదో కనుగొనిరి. ఆ దారినే పోయిన మరియొక పండితబృందము 2023లో ఒక చిత్రమైన సంగతి ప్రకటించెను: ఒసిరిసు దేవుని ఎదుట మెన్న చేతులెత్తి మ్రొక్కుచున్న చిత్రములో మూడవ చేయి కలదట! చిత్రకారుడు మొదట వ్రాసిన చేతిని కప్పి, స్థానము మార్చి మరల వ్రాసినాడు. ఆ కప్పిన రంగుకును చుట్టునున్న రంగుకును కూర్పులో తేడా కలదు. చదరపు గీతలకు కట్టుబడి యాంత్రికముగా వ్రాసిరని మనము తలచిన ఆ చిత్రకారులు, తాము వ్రాసినదానిని దూరమునుండి చూచి, తృప్తిపడక, దిద్దుకొనిరన్నమాట. గీకి చూచినచో ఆ చేయి పోయెడిది. తాకక చూచుటవలననే దొరకినది.

పరిరక్షణయనగా మెఱుగుపెట్టుట కాదని మన తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అజంతా గుహలు హైదరాబాదు సంస్థానములో నుండిన దినములలో, 1920 ప్రాంతమున, నిజాము ప్రభుత్వము ఇటలీనుండి నిపుణులిద్దరిని రప్పించి చిత్రములను బాగుచేయించెను. ఊడిపోవు పూతలను వారు నిలిపిరి, అది మేలే. చిత్రములు మెఱయుటకై పూసిన లక్కవార్నిషు మాత్రము కొన్నియేండ్లకు పచ్చబడి, ధూళిని పట్టుకొని, బోధిసత్త్వుల మేనిచాయనే మార్చివేసినది. దానిని తీయుట తరువాతి తరములకు తరగని పనియైనది. భక్తితో చేసిన పనియే భారమైన ఈ పాఠము థీబ్సులోను అక్కరకు వచ్చునదియే. అందుకే నేటి పరిరక్షకులు మెన్నకు క్రొత్త కన్ను వ్రాయలేదు. వ్రాయుట వారికి కష్టము కాదు. కాని ఆ పెరికిన కన్నును మూడు వేల యేండ్లనాటి దస్తావేజే. దానిని కప్పినచో మెన్న ముఖము బాగుపడునేమో గాని మెన్న కథ అబద్ధమగును.

ఇక మిగిలిన శత్రువు మనమే. ఇరుకైన ఆ మందిరమున నిలిచిన ప్రతివాడును తన యూపిరితోను, చెమటతోను చెమ్మను గాలిలోనికి విడుచుచున్నాడు. ఆ చెమ్మ గోడలోని ఉప్పును కరగించును. జనము వెడలిపోయి గాలి పొడివారినంతనే ఆ ఉప్పు మరల గడ్డకట్టును. ఇట్లు కరగుచు గడ్డకట్టుచు రోజుకొక పొరను కదలించును. ఏ యూపిరిని తన ఆహారముగా మెన్న కోరెనో, ఆ యూపిరియే ఆయన గోడలను తినుచున్నది. దీనికి ఉపాయము తలుపులు మూయుటయేనా? మూసిన సమాధి క్షేమముగా నుండవచ్చును. కాని పేరు పలుకువాడు లేని సమాధి దాని యజమాని భావమున శూన్యమే. రాజుల లోయ వాకిట, హోవర్డ్ కార్టరు నివసించిన యింటి చెంత, 2014లో టుటన్‌ఖామన్ సమాధి గదికి ముమ్మూర్తుల సరిపోలు ప్రతికృతిని నిర్మించిరి. చూడవచ్చువారిని కొంత అటు మరల్చుట ఒక మార్గము. సమాధులను వంతులవారీగా తెరచుట, ఒక్కసారి లోపలికి పోవువారి సంఖ్యను కట్టడి చేయుట మరికొన్ని మార్గములు. వీనివలన యాత్రికునికి కొంత విసుగు కలుగును. ఎంత దూరమునుండియో వచ్చినవాడు వాకిటినుండి మరలవలసియు రావచ్చును.

ఆ విసుగును ఓర్చుకొనుటయే మనము చెల్లింపదగిన మూల్యమని నా యభిప్రాయము. మెన్న కోరినది మన కన్నులను కాదు, మన నోటిని. ఆయన పేరు పలుకుటకు ఆయన గోడలకెదుట నిలువనక్కరలేదు. నీనా డేవీసు ప్రతులను ముందుంచుకొనియు పలుకవచ్చును, హార్ట్‌విగ్ ఈ సమాధిపై ప్రకటించిన గ్రంథమును తెరచియు పలుకవచ్చును, గోదావరి గట్టున కూర్చుండియు పలుకవచ్చును. దూరమునుండి విడిచిన యూపిరి గోడను తాకదు, నైవేద్యము మాత్రము ముట్టును. పోదలచినవారు పోవలదని నేననను. పోయినవారు రెండు మాటలు తక్కువ మాట్లాడి, నాలుగు నిమిషములు ముందుగా వెలికి వచ్చినచో, ఆ పొలము గట్టున ముల్లు తీయు పిల్ల మన మునిమనుమలకును కనబడును.